బాలసముద్రంలో అల

కర్ణాటకలోని పావగడ నుంచి సముద్రానికి పోవాలంటే ఎటు బయల్దేరినా ఒకటే. తూర్పున నెల్లూరు తీరం, పడమట భట్కళ తీరం. పటం మీద గీత గీసి కొలిస్తే రెండూ ఇంచుమించు 300 కిలోమీటర్లు. అయినా ఈ తాలూకాలో బాలసముద్రం అనే ఊరుంది. వానలు ముఖం చాటేసే ఈ సీమలో పాతవాళ్లు పెద్ద చెరువును సముద్రమనే పిలిచారు. అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం అలా వచ్చిన పేరే. ఇప్పుడు బాలసముద్రం చుట్టుపక్కల పరుచుకున్నది 2,050 మెగావాట్ల సోలార్ పార్క్. దూరం నుంచి నీలంగా మెరుస్తుంది గానీ, అల లేవదు.

అల పేరెత్తితే వేదాంతం రాక తప్పదు. జీవుడు అల, బ్రహ్మం నీరు. అల పోయినా నీరు పోదు. శంకరుల పేర ఉన్న షట్పదీ స్తోత్రం ఇంకాస్త వినయంగా, అల సముద్రానిదే తప్ప సముద్రం అలది కాదంటుంది.

పోలిక అందమైనదే. నిజం అల దగ్గరికెళ్లి చూస్తేనే మెలిక పడుతుంది.

గాలి ఎంత జోరుగా, ఎంతసేపు, ఎంత దూరం అడ్డులేకుండా వీచిందన్నదాన్ని బట్టి అల ఎదుగుతుంది. లోతైన నీళ్లలో ప్రతి బొట్టూ గుండ్రంగా ఒక చుట్టు తిరిగి దాదాపు మొదటి చోటికే వస్తుంది. అల పొడవులో సగం లోతుకు దిగితే ఆ కదలికా ఇంచుమించు ఉండదు. ప్రయాణించేది నీరు కాదు, శక్తి. 1963లో సముద్ర శాస్త్రవేత్త వాల్టర్ మంక్ బృందం దక్షిణ మహాసముద్రపు తుపానుల్లో పుట్టిన అలలను అలాస్కా దాకా వెంబడించింది: 10,000 కిలోమీటర్లకు పైగా. అక్కడి నీళ్లు అక్కడే ఉన్నాయి, అల మాత్రం వచ్చింది.

అంటే శాశ్వతమన్న నీరు ఊరు కదల్లేదు, మాయ అన్న రూపమే మహాసముద్రం దాటింది! ఈ లెక్కన అల అద్వైతి కంటే బౌద్ధుడి పక్షానే సాక్ష్యం చెబుతుందేమో. బౌద్ధ గ్రంథం మిలిందపన్హలో నాగసేనుడు ఒక దీపంతో ఇంకో దీపం వెలిగించడాన్ని చూపిస్తాడు: ఏ వస్తువూ దాటిపోదు, అయినా పుట్టుక కొనసాగుతుంది. అద్వైతి ఊరుకుంటాడా? నీరే లేకపోతే అల దేని మీద నడిచిందని అడుగుతాడు. న్యాయమైన ప్రశ్నే.

తీరం చేరాక కథ మారుతుంది. నేల తగిలి అల నెమ్మదిస్తుంది, ఎత్తు పెరుగుతుంది. లోతు అల ఎత్తుకు కాస్త మించి ఉన్నచోట తల ముందుకు వాలి విరుగుతుంది. నీరు నిజంగా ముందుకు ఉరికేది అప్పుడే.

చెరువులో గాలికి పరుగు తక్కువ, అందుకే అల చిన్నది. అదీ కట్టను కోస్తుందనే లోపలివైపు రాళ్లు పేరుస్తారు. చెరువు నిండి మరవ పారిన ఏడాది ఆడవాళ్లు గంగమ్మకు బాగినం వదులుతారు: చేటలో పసుపు, కుంకుమ, గాజులు, రవికె గుడ్డ, టెంకాయ. చేట లోపలికి పోవాలని చేతుల్తో నీళ్లు తోస్తారు. అలలు ఒకదాని వెంట ఒకటి దాని కిందుగా సాగిపోతాయి. చేట ఒకసారి లేస్తుంది, ఒకసారి దిగుతుంది, ఉన్నచోటే.