చవక అంటే ఎవరికి?

పత్తికొండలో పెద్దనాయన అరుగు మీద కూర్చుని కార్-టీ చికిత్స గురించి చెప్తున్నాను. పెద్దమ్మకి లింఫోమా తిరగబెట్టింది. రోగి రక్తంలోంచి టీ-కణాలు తీసి, వాటిలోకి ఒక అతుకు ప్రొటీన్ తయారుచేసే జన్యువును ఎక్కిస్తారు. ఆ ప్రొటీన్ బయటి ముక్క యాంటీబాడీది, క్యాన్సర్ కణం మీదుండే సీడీ19ని పట్టుకుంటుంది. లోపలి ముక్కలు ‘దాడి చెయ్’ అని టీ-కణానికి సైగ చేస్తాయి.

ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి తయారుచేసిన నెక్స్‌కార్19కి 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది. పరీక్షల్లో సుమారు మూడింట రెండొంతుల మందికి పనిచేసింది. అమెరికాలో 3, 4 కోట్లయ్యేది ఇక్కడ 30, 40 లక్షలే.

“చానా చవక, పెద్దనాయనా” అన్నాను.

ఆయన వేరుశనగ చేను వైపు చూసి, “ఎన్నెకరాలవుతాది రా?” అన్నాడు.

లోపల్నుంచి పెద్దమ్మ, “చేను మాత్రం అమ్మొద్దు” అంది. అప్పటిదాకా మేం ఆమెనడగనే లేదు.

ప్రాణానికి వెల కట్టకూడదంటాం. బయట ఎవరూ కట్టకపోతే ఇంట్లోవాళ్లే కడతారు, రోగి వింటుండగా. పరిశోధన ప్రజల సొమ్ముతో నడిచే సంస్థల్లో పుట్టింది కదా, ఖర్చూ ప్రభుత్వమే పెట్టుకోవాలని నా వాదన. కానీ అదే డబ్బుతో, ఎల్లాప్రగడ సుబ్బారావు బృందం ఇచ్చిన మెథోట్రెక్సేట్ లాంటి పాత మందులతో ఎంతమంది పిల్లల్ని బతికించొచ్చని ఎవరైనా అడిగితే నా నోరు పెగలదు. అయినా ఆ లెక్క ప్రభుత్వం నలుగురి ముందూ, కారణాలు చెప్పి వెయ్యాల్సింది. మంచంలో ఉన్న మనిషి వేసుకోవాల్సింది కాదు.

పెద్దమ్మ వద్దన్నది ఇష్టంతోనా, లెక్కతోనా? ఇప్పటికీ తెలీదు. చవక అన్న మాట మాత్రం ఆ ఇంట్లో మళ్ళీ అనలేదు.