ఫలం వద్దు సరే, కూలి మాటేమిటి?

బొర్రా గుహల చుట్టుపక్కల ఆశ్రమ పాఠశాలల పిల్లలకు ఆటలు నేర్పడం నా ఉద్యోగం. గెలుపోటముల మీద మనసు పెట్టకుండా ఆడమని వాళ్లకు చెబుతాను, ఆ మాట నమ్మే చెబుతాను. కానీ కాఫీ పళ్ళ కోతలు మొదలయ్యాయంటే మైదానం పలచబడుతుంది. చదువు ముగించి ఊళ్లో ఉంటూ ఆటకొచ్చే కుర్రాళ్లు తోటలకు పోతారు, లేదంటే గుహల దగ్గర బొంగు చికెన్ పొయ్యిల ముందు నిలబడతారు. ఆట మీద ఇష్టం చచ్చిపోయి కాదు. ఆ రోజు కూలి పోతే ఇంట్లో ఇబ్బంది. అలాంటప్పుడు ఫలం ఆశించకుండా పనిచేయమని గీత చెప్పే నిష్కామకర్మ కడుపు నిండినవాళ్ల ధర్మమేనా అన్న ప్రశ్న నన్ను పట్టుకుంది.

దానికి జవాబు వెతుకుతూ రగ్బీ చరిత్ర చదివాను. కోలగా ఉండే బంతిని చేత పట్టుకుని పరుగెత్తే ఈ ఆటలో డబ్బు తీసుకోకుండా ఆడడాన్ని శీలంగా చూశారు, నూరేళ్ల పాటు గట్టిగా కాపాడారు.

1872 క్రిస్మస్ రోజున కలకత్తాలో ఇంగ్లండ్ వాళ్లు ఒక పక్క, స్కాట్లండ్, ఐర్లండ్, వేల్స్ వాళ్లు మరో పక్క చేరి రగ్బీ ఆడారు. మరుసటి జనవరిలో ఆ ఆట కోసమే కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్ పుట్టింది. ఏడాది తిరిగేసరికి 137 మంది సభ్యులయ్యారు. ఉత్సాహం ఎక్కువ కాలం నిలవలేదు. సైనిక పటాలం ఊరు విడిచింది, ఎండలు ఆటను సాగనివ్వలేదు, దొరలు పోలో వైపు, టెన్నిస్ వైపు మళ్లారు. ఉచితంగా పోసే మద్యం ఆపేయడం కూడా ఒక కారణమంటారు. మూసేయక తప్పని ఆ క్లబ్బుకు బ్యాంకులో సొమ్ముంది. పంచుకుంటే అడిగేవాళ్లు లేరు. కార్యదర్శి, కోశాధికారి అయిన జేమ్స్ రాత్నీ 1877 డిసెంబరులో ఇంగ్లండ్ రగ్బీ యూనియన్‌కు ఉత్తరం రాశాడు. ఆ సొమ్మును వెండి రూపాయలుగా తీసుకుని, 270 నాణేలు కరిగించి, మూడు నాగుపాముల పిడులతో, మూత మీద ఏనుగుతో మన పనివాళ్ల చేత కప్పు చేయించారు. కలకత్తా కప్పు అంటే అదే. క్లబ్బుల మధ్య ఏటా పోటీ పెట్టాలని రాత్నీ కోరితే, యూనియన్ పెద్దలు దాన్ని ఇంగ్లండ్, స్కాట్లండ్ జట్ల ఆటకు కేటాయించారు. 1879లో ఎడిన్‌బరోలో జరిగిన మొదటి ఆటలో ఎవరూ గెలవలేదు.

ఇది త్యాగమే, నేను కాదనను. తమ పేరిట కూడబెట్టిన సొమ్ముతో తాము ఇక ఆడని ఆటకు గుర్తు చేసి ఇవ్వడం చిన్న విషయం కాదు. అయితే వాళ్లు ఆట వదిలినా అన్నం వదల్లేదు. ఆ వెండి కరిగిన రోజుల్లోనే మన మద్రాసు ప్రెసిడెన్సీలో ధాత కరువుకు లక్షల మంది చచ్చిపోయారు. ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టకుండా ఆ కప్పును మెచ్చుకోవడం నా వల్ల కాదు.

ఇంగ్లండ్‌లోనే ఉత్తరాది గనుల్లో, మిల్లుల్లో పనిచేసేవాళ్లు కూడా రగ్బీ ఆడేవారు. శనివారం ఆటకొస్తే పని పోయేది, జీతం తెగేది. ఆ తెగిన జీతం మాత్రం ఇప్పించమని వాళ్ల క్లబ్బులు అడిగాయి. పెద్దలు ఒప్పుకోలేదు, ఆట అపవిత్రమవుతుందన్నారు. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లో ఆ క్లబ్బులు వేరుపడ్డాయి. రగ్బీ రెండు ఆటలైపోయింది. డబ్బు ముట్టకూడదన్న నియమాన్ని అంతర్జాతీయ రగ్బీ బోర్డు వదులుకున్నది 1995 ఆగస్టులో.

గీత వదలమన్నది ఫలాన్ని. గనికార్మికుడు అడిగింది ఫలం కాదు, కప్పూ కాదు, పోయిన పూట కూలి. మూడో అధ్యాయంలో కృష్ణుడు ప్రాణులు అన్నం వల్లే పుడతాయంటాడు, పని చేయకుంటే దేహయాత్ర కూడా సాగదంటాడు. అన్నం కోరుకోవడాన్ని కామంగా లెక్కగట్టినవాడు గీతను సగమే చదివాడని నా అభిప్రాయం.

మా కొండల్లో థింసా నృత్యం ఉంది. ఒకరి నడుము వెనక ఒకరు చేతులు పెనవేసుకుని ఆడతారు, అందులో గెలిచేవాడు లేడు. అంతకన్నా నిష్కామమైన ఆట నేను చూడలేదు. ఎలా కుదిరిందంటే, పండగ నాడు ఊరు ఊరంతా పని ఆపుతుంది. నష్టం అందరిదీ కనుక ఏ ఒక్కడి మీదా పడదు. పర్యాటకుల ముందు ఆడి డబ్బు తీసుకునే బృందాలను చూసి సంస్కృతిని అమ్ముకుంటున్నారని కొందరు అంటుంటారు. ఆ నింద నాకు సరైనదిగా తోచదు. వాళ్లు ఆ రోజు పని మానుకుని వచ్చినవాళ్లు.

రగ్బీలోనూ అన్నాన్ని ముందు పెట్టిన చోటు ఒకటుంది. భువనేశ్వర్‌లోని కళింగ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ ఆదివాసీ పిల్లలకు తిండి, బస, చదువు ఉచితంగా ఇస్తుంది. అక్కడి పిల్లలు 2007లో లండన్ వెళ్లి పద్నాలుగేళ్లలోపు వారి అంతర్జాతీయ రగ్బీ పోటీ గెలిచారు. ముందు కంచం నిండింది, తర్వాత బంతి చేతికొచ్చింది.

కొండ మీద ఆటల పోటీలు పెట్టే పెద్దలకు నా విన్నపం ఒకటే. షీల్డులకు, బ్యానర్లకు ముందు, ఆడే కుర్రాడికి ఆ రోజు పోయే కూలి ఎంతో కనుక్కోండి. ఆ డబ్బు ఆట మొదలవక ముందే వాడి చేతిలో పెట్టండి.