జపాను పాఠము – మన పరీక్ష

గడచిన వేసవిలో నా పూర్వశిష్యురాలొకతె మా యింటికి వచ్చెను. మా రఘునాథపల్లికి అనతిదూరమున నున్న యొక తాండాలో పుట్టి పెరిగిన బాలిక. నర్సు చదువు ముగించి, జపానుదేశమున వృద్ధులకు పరిచర్య చేయు కొలువునకై హైదరాబాదులో ఆ దేశభాష నేర్చుకొనుచున్నది. బడిచదువునకు సంబంధించిన కాగిత మొకటి వ్రాయించుకొనుటకు వచ్చి, మాటల సందర్భమున “సార్, జపాన్ల డాక్టరు చదువు గూడ వాళ్ల భాషలనే ఉంటదట గద, మరి మన దగ్గర ఎందుకు లేదు?” అని యడిగెను. తెలుగుపంతులకు ఇంతకంటె ప్రీతికరమైన ప్రశ్న యేమి యుండును? నేను వెంటనే మాతృభాషా మహిమను గూర్చి చిన్న యుపన్యాసమే ప్రారంభించితిని. ఆమె యోపికతో వినెను. పిమ్మట మెల్లగా, “మన భాష అంటె ఏది సార్? మీదా, మాదా?” అనెను.

నా యుపన్యాస మంతటితో నాగిపోయెను. ఆమె నన్ను ఎత్తిపొడువలేదు, తెలియగోరియే యడిగినది. అందుచేతనే ఆ మాట నన్ను విడువలేదు. ఆనాడు చెప్పలేకపోయిన యుత్తరమును పాఠకమహాశయుల యెదుట వెదకుకొనుటకే ఈ వ్యాసము. ప్రశ్న చిన్నది. ఒక న్యాయమును మనకొరకు కోరుకొని, దానినే మనకంటె బలహీనులకు నిరాకరించినచో, అది న్యాయముగా నిలుచునా, లేక మన స్వార్థమునకు పెట్టుకొనిన మంచిపేరు మాత్రమే యగునా?

జపాను వారి విద్యాచరిత్రమును మొదట చూతము. 1868లో నూతన ప్రభుత్వ మేర్పడిన తరువాత, 1872లో వారు విద్యాశాసనము చేసిరి. ఊరిలో చదువులేని యిల్లుగాని, ఇంటిలో చదువులేని మనిషిగాని యుండరాదని వారి సంకల్పము. కాని యే భాషలో చదువవలెను? ఆకాలమున అమెరికాలో జపాను ప్రతినిధిగా నుండి, 1885లో ఆ దేశపు తొలి విద్యామంత్రి యైన మోరి అరినోరి, తమ భాష నవీనశాస్త్రములకు చాలదనియు, ఆంగ్లమును స్వీకరించుటయే మేలనియు తలచెను. ఆయన అభిప్రాయము కోరగా, అట్లు చేయవలదని వారించినవాడు అమెరికా పండితుడు విట్నీ. సంస్కృతవ్యాకరణము రచించి మనవారికి పరిచితుడైన విట్నీయే యితడు. పరభాషలో విద్య నడచినచో చదివిన కొలదిమంది యొక జాతిగను, చదువని కోట్లాదిజనులు మరియొక జాతిగను విడిపోవుదురని ఆయన హెచ్చరిక.

జపానీయులు కష్టమైన త్రోవనే పట్టిరి. తొలుత విశ్వవిద్యాలయమున విదేశాచార్యులు ఆంగ్లమునను జర్మనుభాషయందును బోధించుచుండగా, స్వదేశీయులు ఆ విద్యను నేర్చి, గ్రంథముల ననువదించి, క్రమముగా ఆ పీఠముల నలంకరించిరి. శాస్త్రపదములు లేవని కూర్చుండలేదు. మనము సంస్కృతధాతువులనుండి పదములు కూర్చుకొనునట్లు వారు చీనా యక్షరములనుండి కూర్చుకొనిరి. తత్త్వశాస్త్రమునకు వారు నేడు వాడు ‘తెత్సుగాకు’ అను పదము నిషి అమానె యను పండితుడు ఆ కాలమున నిర్మించినదే. 1905 నాటికి బడి యీడు పిల్లలలో నూటికి తొంబదిమందికి పైగా ప్రాథమిక పాఠశాలలలో చేరియుండిరి. ఆ సంవత్సరము రుష్యాపై వారు గెలిచిన యుద్ధమును చూచి మనదేశ మంతయు పులకించినది. ఫిరంగులు మ్రోగినవి గనుక అవి వినబడినవి; పల్లెబడిలో పలుకబడిన యోనమాలు మనలో మిక్కిలి కొలదిమందికే వినబడెను.

విన్నవారిలో నొకరు మన హైదరాబాదు సంస్థానమువారే. నిజాం ప్రభుత్వపు విద్యాశాఖాధికారియైన సయ్యద్ రాస్ మసూద్ 1922లో జపానునకు పోయి, అచటి విద్యావిధానమును స్వయముగా పరిశీలించి వచ్చి వ్రాసిన నివేదిక 1923లో హైదరాబాదున అచ్చైనది. అప్పటికే, 1918లో, ఉస్మానియా విశ్వవిద్యాలయము స్థాపింపబడి, దానికి గ్రంథములు సమకూర్చుటకు 1917లోనే అనువాదశాల యొకటి యేర్పడి, ఉర్దూలో శాస్త్రబోధ మొదలై యుండెను. దేశభాషలో వైద్యమును, యంత్రవిద్యను బోధింపవచ్చునని చేసి చూపిన ఘనత ఉస్మానియాది. దానిని తక్కువచేసి చెప్పుట నా యుద్దేశము కాదు. జపాను పాఠము వారికి బాగుగనే యర్థమైనది. అయితే ఆ సంస్థానమున ఉర్దూ యింటిభాషగా గలవారు ఇంచుమించు పదవవంతు, తెలుగువారు సగమునకు చేరువ, మరాఠీవారు నాల్గవవంతు. మాతృభాషలో చదువవలె నను సూత్రమును నమ్మినవారే, మాతృభాష యెవరిది యను ప్రశ్నయొద్ద ఆగిపోయిరి.

మసూద్ ప్రయాణమునకు ముందటి యేట, 1921 నవంబరులో, హైదరాబాదు వివేకవర్ధనీ మందిరమున సంఘసంస్కారసభ జరిగెను. అచట ఆంగ్లము, ఉర్దూ, మరాఠీ ఉపన్యాసములు సాగినవి. ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటాడుటకు లేవగా సభికులు గేలిచేసి కూర్చుండబెట్టిరి. ఆ యవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది. ఈ కథ మన కందరకు తెలిసినదే. ఆ సభ కధ్యక్షుడు పూనావాసియగు మహర్షి కర్వే యని గూడ కొందరకు తెలియును. ఆ కర్వేగారికిని జపానునకును గల సంబంధము మాత్రము తరచుగా చెప్పుకొనబడదు. టోకియోలో 1901లో స్థాపింపబడిన మహిళావిశ్వవిద్యాలయమును గూర్చిన చిన్నపుస్తక మొకటి చదివి, ఆ స్ఫూర్తితోనే ఆయన 1916లో మనదేశపు తొలి మహిళావిశ్వవిద్యాలయమును, దేశభాషాబోధనతో, నెలకొల్పెను. అట్టివాని యధ్యక్షతన జరిగిన సభలోనే ఒక మనుష్యుడు తన తల్లిభాషలో మాటాడినందులకు నవ్వులపాలయ్యెను. ఒక సత్యము పీఠముపై కూర్చున్నంతమాత్రమున సభలోనికి దిగిరాదు గదా!

అయినను అది యొకనాటికి దిగివచ్చినది. 1928లో మాడపాటి హనుమంతరావుగారు మున్నగువారు హైదరాబాదున తెలుగులో బోధించు బాలికాపాఠశాలను స్థాపించిరి. అది పెరిగి పెద్దదగునప్పటికి, తెలుగుబోధన కారణముగా ప్రభుత్వపు గుర్తింపునకు చిక్కు వచ్చినది. అప్పుడు దానికి ఆశ్రయమిచ్చినది పూనాలోని కర్వేగారి మహిళావిశ్వవిద్యాలయమే. రాజుగారి విద్యాశాఖద్వారా రావలసిన జపాను పాఠము, పూనా మీదుగా చుట్టు తిరిగి, దొడ్డిత్రోవను మన యాడుబిడ్డల యొద్దకు వచ్చినది. సింహాసనము నొద్ద ఆగిపోయిన న్యాయమును, స్వయముగా అవమానమెరిగినవారును, అవమానమునకు సాక్షియైనవారును కలిసి చేరవేసిరి.

ఇంతవరకు చెప్పి ముగించినచో ఈ వ్యాసము మనకెంతో హితవుగా నుండును. తెలుగువారు బాధితులు, జపానీయులు ఆదర్శప్రాయులు. కాని రెండు మాటలును పూర్తి నిజములు కావు.

తమ భాష నంత శ్రద్ధతో కాపాడుకొనిన జపానీయులు 1910లో కొరియాను కలుపుకొనిరి. 1938లో అచటి బడులలో కొరియాభాషను ఐచ్ఛికవిషయముగా దిగజార్చి, క్రమముగా పాఠములనుండియే తొలగించిరి. 1940లో కొరియనుల యింటిపేర్లను గూడ జపానుపేర్లుగా మార్పించిరి. తమ దేశపు టుత్తరమున నివసించు ఐనూజాతివారిని 1899 నాటి చట్టముతో ‘సంరక్షించి’, వారి భాష నోట నిలువకుండ జేసిరి. వారిని మూలవాసులుగా చట్టమున గుర్తించుటకు 2019 వరకు పట్టినది. దక్షిణమున ఒకినావా ద్వీపములలో, గతశతాబ్ది పూర్వార్ధమున, బడిలో ఇంటిభాష పలికిన పిల్లవాని మెడలో చెక్కపలక వ్రేలాడదీయుచుండిరి. మరియొక పిల్లవాడు అదే ‘తప్పు’ చేసి పట్టుపడువరకు వాడా పలకను మోయవలెను. విట్నీ హెచ్చరికను తమకై విన్నవారు, తమ పాలనలోనివారి విషయమున మరచిరి.

పలక మాట వచ్చినది గనుక మన కథ చెప్పక తప్పదు. 2009లో కడపజిల్లా మైదుకూరులోని యొక పాఠశాలలో, తెలుగు మాటాడిన పిల్లల మెడలలో, ఇకపై తెలుగు మాటాడనని వ్రాసిన పలకలు వ్రేలాడదీసిరి. తెలుగుదేశమంతయు మండిపడెను. నేనును మండిపడితిని. అప్పటికి నేను క్రొత్తగా ఉద్యోగమున చేరినవాడను. ఆ సంగతిని తరగతిలో చెప్పి, భాషాభిమానమును గూర్చి పిల్లలచే వ్యాసము వ్రాయించితిని.

ఆ తరువాత కొన్నియేండ్లకు, ఆరవతరగతిలో, ఈ వ్యాసారంభమున చెప్పిన బాలికయే యొకనాడు ఏదో చెప్పుచు తల్లిని ‘యాడి’ యనెను. తరగతి యంతయు నవ్వెను. నేనును చిరునవ్వుతో, “యాడి కాదు, అమ్మ అనవలెను” అని దిద్దితిని. ఆ పిల్ల తలవంచుకొని కూర్చుండెను. ఆ సంవత్సరమంతయు తరగతిలో తానై నోరు విప్పిన జ్ఞాపకము నాకు లేదు. నేనామె మెడలో పలక వ్రేలాడదీయలేదు. ఎవరికిని కనబడనిది వ్రేలాడదీసితిని. ‘అమ్మ’ యన్న మాటనే తప్పుగా లెక్కించి, ఆ బిడ్డకు మాతృభాష యొక్క గొప్పతనమును బోధించుచుంటిని! వివేకవర్ధనీ సభలో నవ్వినవారిని ఎన్నిసార్లు నిందించితినో, వారి ప్రక్కనే నేనును కూర్చుండి నవ్వితినని తెలిసికొనుటకు ఇన్నియేండ్లు పట్టినది.

ఇచట కొందరు పాఠకులు, “అయ్యా, తాండాలోని తల్లియే తన బిడ్డకు ఇంగ్లీషు చదువు కావలెనని కోరుచున్నది. మీ సిద్ధాంతమునకై ఆమె పొట్ట కొట్టుదురా?” అని యడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో 2022–23 నుండి ఆంగ్లమాధ్యమము ప్రవేశపెట్టినపుడు, కలవారి పిల్లలకు మాత్రమే దొరకిన మెట్టు తమకును దొరకినదని పేదలనేకులు సంతసించిరి. తన పిల్లలను ఆంగ్లబడికి పంపిన యుపాధ్యాయుడు వారిని తప్పుపట్టరాదు, నేనట్టివాడనే. జపానులోను ఆంగ్లము నేర్పుదురు, నేర్పవలసినదే. కాని భాషను నేర్చుట వేరు, తెలియని భాషలో సమస్తమును నేర్చుట వేరు. మొదటిది బిడ్డకు రెండవ కన్ను నిచ్చును. రెండవది మొదటి కంటిని మూయించి నడువుమనును. తాండా బిడ్డకు ఈ కష్టము రెండింతలు. బడిలో తెలుగొక పరభాష, దానిపై ఆంగ్లము మరియొకటి.

దీనికి మార్గము లేకపోలేదు. ఉమ్మడి రాష్ట్రమున 2004 ప్రాంతమున లంబాడి, కోయ, గోండి, కొలామి, సవర మొదలగు ఎనిమిది భాషలలో తెలుగులిపితో వాచకములు వ్రాయించి, కొన్ని బడులలో తొలితరగతులను ఇంటిభాషతో ప్రారంభించి, పిమ్మట తెలుగునకు నడిపించిరి. అది తాండాలన్నిటికిని వ్యాపింపలేదు. వ్యాపించు వరకు, ఉపాధ్యాయుడు పిల్లల యింటిమాటలు నూరు నేర్చుకొనుటకు ప్రభుత్వపు టుత్తరువు అక్కరలేదు.

నేటి జపానును గూర్చియు ఒకమాట. ఆ దేశమున 2024లో పుట్టిన శిశువులు ఏడు లక్షలకు లోపే. జనులలో నూటికి ఇరువదితొమ్మిదిమంది అరువదియైదేండ్లు దాటినవారు. పరిచర్యకు పరదేశీయులు కావలెను. 2024 చివరకు అచట ముప్పదియేడు లక్షలకు పైగా విదేశీయులు నివసించుచుండిరి. అయినను 2025 జూలై ఎన్నికలలో ‘జపానీయులే ముందు’ అను నినాదముతో నొకపక్షము పెద్దలసభలో పదునాలుగు స్థానములు గెలిచెను. విదేశీయుల బిడ్డలకు నిర్బంధవిద్యాశాసనము వర్తింపదు. 2019లో ప్రభుత్వము తొలిసారి లెక్కింపగా, అట్టి బిడ్డలలో పందొమ్మిదివేలకు పైగా బడికి పోవుచున్నట్లు రూఢి కాలేదు. ఊరిలో చదువులేని యిల్లుండరాదని 1872లో తలచిన దేశమిది! ఆ యిండ్లలో క్రొత్తగా వచ్చినవాని యిల్లు లెక్కకు వచ్చునా, రాదా యనునదే నేడు జపానునకును పరీక్ష. మనము దానిని చూచి నవ్వ పనిలేదు. మన ప్రశ్నపత్రమును అదియే.

నా శిష్యురాలు అచట ఏ ముసలితల్లి మంచము ప్రక్కనో కూర్చుండి, ఆమె భాషలో ఆమెను పలుకరించును. ఆ భాషను తప్పులు లేక పలుకుటకై రేయింబవళ్లు శ్రమించుచున్నది. ఆమె తల్లిభాషలో ఒక్కమాటయైన నేర్వక ఆమెకు చదువు చెప్పినవాడను నేను.

బడులు తెరచిన పిమ్మట ఆరవతరగతిలో పిల్లల నొక్కొక్కరిని లేపి, ఇంటిలో తల్లి నేమని పిలుతురో చెప్పుమంటిని. ‘అమ్మ’, ‘అవ్వ’, ‘అమ్మీ’ – పలువిధములుగా చెప్పిరి. వెనుకబల్లనుండి ఒక పిల్లవాడు సందేహించుచు ‘యాడి’ యనెను. ఒకరిద్దరు నవ్విరి. నేను నల్లబల్లపై ‘అమ్మ’ ప్రక్కనే ‘యాడి’ యని వ్రాసి, నీళ్లను మీయింట నేమందురని వానినే యడిగితిని. వాడు చెప్పెను, నేను పలుకగా, సరిగా లేదని దిద్దెను. ఈసారి తరగతి నన్ను చూచి నవ్వినది.