చెట్టుకు గుంట

మా బాపు మామిడి అంట్లు పెట్టిన ఏడు నాకు 13 ఏండ్లు. సిరిసిల్ల దిక్కు కోనరావుపేటలో ఊరి బయటికి పోయే బాట పక్కన మాకు ఎకరం చెల్క ఉండేది. కందులు, జొన్నలు వేసేవాళ్లం. వానలు మొఖం చాటేస్తే అవీ లేవు. ఆ ఎండకాలం బాపు 22 మూరల తాడు పేని, ఒక కొస నా చేతికిచ్చి గట్టు మీద నిలబెట్టాడు. తాడు బిగిసిన చోటల్లా పిడికెడు సున్నం పోసుకుంటూ పోయాడు. పొద్దు గూకే యాళ్లకు ఎర్రటి చెల్కలో 40 తెల్ల చుక్కలు తేలాయి. చుక్క మీద గడ్డపార పెట్టి, మనిషి మోకాలు దాటేంత లోతు గుంతలు తీసి, నెల రోజులు ఎండకు వదిలేశాడు. మిరుగం కార్తె వానలకు పశువుల ఎరువు నింపి అంట్లు నాటాడు. రెండేండ్లు ఎండకాలమంతా కావడితో బాయి నీళ్లు మోసి పోశాడు. చూసినవాళ్లు ‘చెల్కల మామిడా’ అని నవ్వారు. బాపు ఏమీ అనలేదు.

ఆ తాడు లెక్క నాకు చాలా ఏండ్ల తర్వాత అర్థమైంది. 22 మూరలంటే 33 అడుగులు. మామిడి చెట్టుకూ చెట్టుకూ నడుమ ఉండాల్సిన ఎడం అది. 33 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు ఉన్న జాగ సరిగ్గా ఒక గుంట. ఎకరానికి 40 గుంటలు, ఎకరానికి 40 చెట్లు. అంటే చెట్టుకు గుంట. భూమిని కొలవడానికి వాడే కొలతా, ఒక మామిడి చెట్టు కొమ్మలు చాచి బతకడానికి అడిగే జాగా ఒకటే కావడం యాదృచ్ఛికమే కావచ్చు. నాకు మాత్రం ఆ రెండింటినీ విడదీసి చూడబుద్ధి కాదు.

ఆ సంగతి తట్టింది మా ఊళ్లో కాదు, హైదరాబాద్ శివారు కొంపల్లిలో. కొడుకు ఉండే అపార్ట్‌మెంటు పక్కన ఒక ఖాళీ ప్లాటుకు బోర్డు పెట్టారు: ‘అమ్మకానికి, 121 గజాలు’. ఎకరం 4840 గజాలు. 40తో భాగిస్తే 121. ఆ బోర్డు ముందు నిలబడి మనసులో లెక్క వేసుకున్నాను. నా కళ్ల ముందున్నది ఒక మామిడి చెట్టు జాగ.

కొంపల్లిని నేను మొదటిసారి చూసింది 1983లో, డిగ్రీలో చేరడానికి హైదరాబాద్ పోతూ. మాచారెడ్డి మీదుగా కామారెడ్డి చేరి, అక్కడ సికింద్రాబాద్ బస్సెక్కాను. మేడ్చల్ దాటినప్పటి నుంచి రోడ్డుకు అటూ ఇటూ ద్రాక్ష పందిళ్లే. మనిషి ఎత్తున రాతి కడీలు, వాటి మీద ఇనుప తీగలు, తీగల మీద పచ్చటి కప్పు, కప్పు కింద నీడ. చెల్కలు, తుమ్మలు చూసి పెరిగిన కండ్లకు అది వేరే దేశంలా కనబడింది. ఆ తర్వాత ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఇంటికి వచ్చి పోయేటప్పుడు రోడ్డు పక్కన బుట్టలు పెట్టుకుని అమ్మే ఆడవాళ్లు కనబడేవాళ్లు. కిలో కొని పొట్లంలో ఇంటికి తెస్తే మా అవ్వ ఒక్కో గింజ లెక్కపెట్టి అందరికీ పంచేది.

ఆ కాయ పేరు అనాబ్-ఎ-షాహీ. రాజుల ద్రాక్ష అని అర్థం. కోలగా, లేత పసుపు కలిసిన ఆకుపచ్చ రంగులో, లోపల విత్తనంతో ఉండేది. హైదరాబాద్‌కు దీన్ని తెచ్చి నిలబెట్టినవాడిగా అబ్దుల్ బాఖర్ ఖాన్ పేరు చెప్తారు. తర్వాత విత్తనం లేని థామ్సన్ రకం కూడా వచ్చింది. ఒకప్పుడు ద్రాక్ష దిగుబడి అంటే దేశం హైదరాబాద్ శివార్ల వైపు చూసేది. ఇప్పుడు ఆ మాట నాసిక్, సాంగ్లీలకు చెల్లుతుంది. బాయిలు ఎండాయి, బోర్లు లోతుకు పోయాయి, కూలీలు దొరకలేదు, రోడ్డు వెడల్పైంది, భూమి ధర పంట ధరను దాటి ఎటో పోయింది. 2018లో కొంపల్లి మున్సిపాలిటీ అయ్యేనాటికి పందిళ్ల జాడ లేదు.

కొడుకు ఉండే అపార్ట్‌మెంటు వాచ్‌మన్ 70 దాటిన ముసలాయన. ఆ ఊరివాడే. నాది సిరిసిల్ల దిక్కు అని చెప్పేసరికి చనువు దొరికింది.

“గీడ గప్పుడు అంత అంగూర్ తోటలే సారూ. దసర పోయినంక కత్తెర వెట్టేటోళ్లం. కోసిన కాడ తీగె నీళ్లు కార్తది. మనిషి కండ్లల్లకెల్లి కారినట్టే,” అన్నాడు.

“మీకూ తోట ఉండెనా?”

“మాకేడిది సారూ. కూలికి వోయిన. గిదే జాగల.”

ఆయన కూర్చున్న రాతిని చూపించాడు. ఏడడుగుల రాతి కడీని అడ్డంగా పడేసి, రెండు ఇటుకల మీద అరుగులా పెట్టుకున్నారు. దాని ఒక కొసన వేలు పట్టేంత చిల్లు ఉంది. చిల్లు అంచున తుప్పు చార, ఎండిపోయిన నెత్తురు రంగులో. తీగె పోయిన దారి అది. ఒకప్పుడు ఆకాశం వైపు నిలబడి, నెత్తిన పంటను మోసిన రాయి. నేను దాని మీద కూర్చోలేదు. ఆయన పక్కన నేల మీద కూర్చున్నాను.

తోట పోయి ఇండ్లు లేవడం హైదరాబాద్‌కు ఇది మొదటిసారి కాదు. బాగ్ అంటే తోట. బషీర్‌బాగ్, జాంబాగ్, బాగ్‌లింగంపల్లి, సీతారాంబాగ్ అని రోజుకు పది సార్లు పలుకుతాం. మూసారాంబాగ్ నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని మొస్యూ రేమాండ్ పేరు మీద వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్ దిల్‌సుఖ్‌రాం పర్షాద్ అనే ఆసామి పొలాన్ని ప్లాట్లు చేసి అమ్మిన జాగ. తోటలను మింగుతూ నగరం ఎటు పాకిందో తెలుసుకోవాలంటే పండ్ల మార్కెట్ వెంట నడిస్తే చాలు. 1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్ నగరం నడిబొడ్డున పండ్ల అంగడి. 1980ల్లో ఆ టోకు వ్యాపారం గడ్డిఅన్నారానికి జరిగింది. అప్పటికి అది ఊరి కొస. 2021లో గడ్డిఅన్నారం మార్కెట్‌ను మూసి, ఆ స్థలాన్ని ఆసుపత్రికి ఇచ్చి, పండ్లను విజయవాడ రోడ్డు మీది బాటసింగారం పంపారు. అక్కడి నుంచి కొహెడకు అంటున్నారు. ఆసుపత్రి అక్కర లేనిదని ఎవరూ అనరు. కానీ నగరం ఎక్కడ కాలు పెడితే అక్కడి నుంచి పండు లేచి దూరం జరగాల్సి రావడం నన్ను కలతపెడుతుంది.

ఇంత జరిగినదానికి ఆశ కారణం అని తేల్చేస్తారు. భూమి అమ్ముకున్న రైతును అందరూ తప్పుపడతారు. నేను అంత తేలికగా అనలేను. మా దిక్కు నుంచి మనుషులు బొంబాయి, భీవండి పోయారు, దుబాయి, మస్కట్ పోయారు. సిరిసిల్ల మగ్గం మీద బతకలేనివాడు పోయాడు, కోరుట్ల, జగిత్యాల ఊళ్లలో బోరు ఎండినవాడు పోయాడు. ఎడారిలో పన్నెండేండ్లు పనిచేసి నాలుగు పైసలు కూడబెట్టినవాడు ఏం కొంటాడు? చెల్క కొంటే దున్నాలి, కాపలా ఉండాలి, పక్కవాడు గట్టు జరుపకుండా చూసుకోవాలి. ప్లాటు కొంటే నాలుగు హద్దు రాళ్లు పాతి మళ్లీ విమానమెక్కవచ్చు. మనిషి లేకపోయినా దాని ధర పెరుగుతూనే ఉంటుంది. ప్లాటు ఊళ్లో ఉండలేని మనిషి భూమి. తోట ఉండే మనిషి భూమి. కొంపల్లి పందిళ్ల కింద జరిగింది కూడా ఇదేనని నా నమ్మకం. పందిరి వేసినవాళ్లకు కొడుకులు లేక కాదు, దసరా పోయినంక కత్తెర పట్టుకుని నిలబడే కొడుకులు లేక.

నేను మాత్రం ఎవరిని? డిగ్రీ చదివి, ఊరు విడిచి, 30 ఏండ్లు పట్నాల్లో బడిపంతులుగా పనిచేసి, పింఛను వచ్చాక తిరిగివచ్చినవాణ్ని. ఆ 30 ఏండ్లూ ఆ 40 చెట్లను చూసింది మొదట బాపు, తర్వాత మా తమ్ముడు. నా కొడుకు కొంపల్లిలో గూడు కట్టుకుంటే నాలో ఒకవైపు సంతోషమే. వాడు పిల్లల్ని బడికి పంపే దారి, ఆసుపత్రికి పోయే దారి దగ్గరైంది. ఆ గూడు ఒక పందిరి కింద నేల మీద లేచిందని తెలిసినా ఆ సంతోషం అబద్ధం కాదు. రెండూ నిజమే, రెండూ మోయాల్సిందే.

తోటల నుంచి పుట్టిన నగరం అంటే మన తెలుగు పిల్లలు వేలమంది ఉండే ఇంకో చోటు కూడా ఉంది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం, శాంటాక్లారా లోయ. ఇప్పుడు సిలికాన్ వ్యాలీ అంటారు గానీ, వంద ఏండ్ల కింద అదంతా ఆప్రికాట్, ప్రూన్, చెర్రీ తోటలు. లోయ నిండా పూసే ఆ తోటలతోనే దానికి పేరు. మా మేనకోడలు ఉండే సన్నీవేల్ 1912లో నగరమైంది. పండ్లను డబ్బాల్లో నింపే కర్మాగారాలు ఉండేవి. ఒక కర్మాగారం నీళ్ల ట్యాంకుకు పండ్ల డబ్బా బొమ్మ వేసి ఇప్పటికీ కాపాడుకుంటున్నారు. అక్కడికి పోయినప్పుడు అది చూసి పెద్దగా చలించలేదు. బొమ్మ బొమ్మే కదా. కానీ నగరం నడుమ, కమ్యూనిటీ సెంటర్ పక్కన, దాదాపు పదెకరాల ఆప్రికాట్ తోటను నగరపాలక సంస్థే పెంచుతున్నదని తెలిసి అక్కడికి తీసుకుపొమ్మన్నాను. చెట్లకు కత్తిరింపు చేస్తారు, కలుపు తీస్తారు, ఎండకాలం కాయ కోసి అక్కడే అమ్ముతారు. ప్రపంచంలోనే ఖరీదైన నేలల్లో ఒకటి అది. ఆ ఊరు తన పుట్టుకను మరిచిపోకుండా పదెకరాలు ఉంచుకుంది. పూలకుండీలతో, ఫౌంటెన్లతో పార్కు చేయలేదు. పండే తోటగానే ఉంచింది. కొంపల్లిలో ఒక్క ఎకరం పందిరి అలా ఉంచి ఉంటే, నా మనవడు అనాబ్-ఎ-షాహీ అంటే ఏమిటని నన్ను అడిగే అవసరం ఉండేది కాదు.

ఇదంతా ఇప్పుడు ఎందుకంటే, ఆ తాడు మా ఊరికి మళ్లీ వచ్చింది. మూలవాగు పక్కన ఉండి కూడా నీళ్లకు వాచిపోయిన మండలం మాది. ఇప్పుడు మా మండలంలోనే మల్కపేట దగ్గర 3 టీఎంసీల రిజర్వాయర్ కట్టారు. మధ్య మానేరు నీళ్లను ఎత్తి అందులో పోస్తారు. నా చిన్నతనంలో కావడితో నీళ్లు మోసిన బాపుకు ఈ మాట చెప్తే నమ్మేవాడు కాదు. తోటలకు అసలు సమయం ఇదే. జగిత్యాల పక్కన చల్‌గల్ మార్కెట్ నుంచి మామిడి లారీలు ఢిల్లీ, నాగ్‌పూర్ పోతున్నాయి. మా 40 చెట్ల కాయ కూడా ఏటా అక్కడికే పోతుంది. కానీ నీళ్లు వచ్చిన బాట వెంటే హద్దు రాళ్లు కూడా వచ్చాయి. సిరిసిల్ల జిల్లా కేంద్రమయ్యాక రోడ్డు పక్కన చెల్కలన్నింటికీ రంగురంగుల జెండాలు.

పోయిన చలికాలం ఒకాయన మోటార్ సైకిల్ మీద వచ్చి మా తోట గట్టు మీద నిలబడ్డాడు. మర్యాదస్తుడే. చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. “మంచి జాగ సార్. రోడ్లు వోను 19 ప్లాట్లు పడ్తయి, ఒక్కోటి 150 గజాలు,” అన్నాడు. అతను అడుగులు వేసుకుంటూ కొలిచింది ఏ నేలనో నాకు గుర్తుంది. నేను తాడు కొస పట్టుకుని నిలబడ్డ గట్టు అది. అతనికి 19 కనబడ్డాయి, మా బాపుకు 40 కనబడ్డాయి. ధర చెప్పాడు. నా 30 ఏండ్ల జీతం కన్నా ఎక్కువ. తమ్ముడు నా ముఖం చూశాడు, నేను తమ్ముడి ముఖం చూశాను. “ఆలోచించుకొని చెప్తం” అన్నాం. ఇప్పటికీ చెప్పలేదు. తమ్ముడికి ఇద్దరు ఆడపిల్లలు, మోకాళ్ల నొప్పి. ఎప్పటికీ అమ్మం అని ప్రమాణం చేసే హక్కు 30 ఏండ్లు ఊళ్లో లేని నాకు లేదు.

అయినా ఒక్క మాట అడిగే హక్కు ఉందనుకుంటాను. సాగుభూమిని నాలా కింద, అంటే వ్యవసాయేతర భూమిగా, మార్చే కాగితం ఉంది, ఆఫీసులో పని తొందరగానే అవుతుంది. గజాలను మళ్లీ ఎకరం చేసినవాళ్లను మాత్రం నేను చూడలేదు. అందుకని మార్చే ముందే అడుగుతున్నాను. లేఔట్ చేసేవాళ్లు పదో వంతు జాగ ఖాళీగా వదలాలని నిబంధన. మా దిక్కు లేఔట్లలో ఆ జాగ వయ్యారిభామ మొలిచి, ఇసుక కుప్పలు పడి ఉంటుంది. లేదంటే నాలుగు సిమెంటు బెంచీలు వేసి పార్కు అంటారు. కోనరావుపేటలో, వేములవాడలో, సిరిసిల్లలో, ఎక్కడ చెల్క ప్లాట్లయినా, ఆ పదో వంతులో మామిడి పెట్టమని గ్రామసభలో అడగండి. ఎకరం లేఔట్‌లో పదో వంతు నాలుగు గుంటలు. నాలుగు చెట్లు పడతాయి.

మిరుగం జూన్ 7, 8 తారీఖుల్లో వస్తుంది. గుంతలు మే మొదట్లోనే తీసి ఎండనివ్వాలి. తాడు 22 మూరలు ఉండాలి.