నిషేధము – నిగ్రహము
ద్వారకలో మద్యము చేయరాదని శ్రీకృష్ణ బలరాముల పేర చాటింపు వేసిరి. అయినను యాదవులు ప్రభాస తీర్థమున త్రాగి, పరస్పరము హతమార్చుకొనిరని మౌసల పర్వము చెప్పుచున్నది. ఆజ్ఞ చేతిని ఆపును గాని మనస్సును మార్చజాలదు.

ఆంధ్రప్రదేశమందును 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిరి. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో సడలిపోయినది.

త్రాగుడుపై తన భావము, ఆత్మీయుల అభిప్రాయము, మానగలనను నమ్మకము – సంకల్పమును నిలుపునవి ఈ మూడేయని 1985లో ఐసెక్ ఐజెన్ ప్రతిపాదించిన మనస్తత్వ సిద్ధాంతమును బట్టి తెలియును. అభ్యాస వైరాగ్యములచే మనస్సు వశమగునని గీతాచార్యుడు ఏనాడో అభయమిచ్చెను.

కావున తూంకుంట గృహస్థులైనను, ఏ ఊరివారైనను త్రాగుడుకు లోబడిన సోదరుని నిందింపక, సత్సంగమునకు పిలువవలెను. చిరకాలము త్రాగినవాడు ఒక్కసారిగా మానుట ప్రాణాపాయము కావచ్చును. నగరమందలి ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు వెంటబెట్టుకొని పోవుటయు భగవత్సేవయే.