మాటను మోసినవారు

పట్టుపురుగులకు తెగులు తగిలినను, ఈనిన ఆవు చేపకున్నను, 'ఎవరో ఏదో చేసినారు' అను మాటను మన చిక్కబళ్లాపురము, చింతామణి, బాగేపల్లి ప్రాంతపు పెద్దల నోట విననివారుండరు. ఆ 'ఎవరో' అనుదానికి ఒక మనిషి పేరు తగులుకొనునంతవరకు అది వట్టి మూఢనమ్మకము. పేరు తగులుకొనినంతనే అభియోగమగును. ఆ పేరును ఒక నోటినుండి మరియొక నోటికి చేర్చినవారి పాలు ఎంత? మేమిచట విచారింపదలచిన దింతమాత్రమే.

తెలంగాణ పల్లెలలో బాణామతి చేయుచున్నారన్న అనుమానముపై మనుష్యుల పండ్లూడగొట్టిన ఉదంతములు పలుమారులు పత్రికల కెక్కినవి. పండ్లు లేనివాడు మంత్రమును స్పష్టముగా ఉచ్చరింపలేడని ఆ తర్కము. మంత్రము పలుకలేని నోరు 'నేను నిర్దోషిని' అనియు స్పష్టముగా పలుకలేదు గదా!

ఐరోపాలో 15వ శతాబ్దినుండి 18వ శతాబ్దివరకు మంత్రగత్తెలను నెపమున సుమారు 40 వేలనుండి 60 వేలమంది వధింపబడిరని చరిత్రకారుల అంచనా. వారిలో అధికులు స్త్రీలు. చిత్రహింసకు తాళలేక ఒప్పుకొన్నచో దోషి. తాళుకొన్నచో దయ్యము సాయపడినది గనుక మరల దోషి. ఇట్టి విచారణలో నిరపరాధికి దారి యేదని జర్మనీలో ఫ్రీడ్రిష్ ష్పే అను జెసూట్ మతాచార్యుడు 1631లో ఒక గ్రంథమున ప్రశ్నించెను. దానిపై తన పేరు వేసికొనలేదు. అమెరికాలోని సేలంలో 1692లో 19 మందిని ఉరితీసిరి. తీర్పు చెప్పినవారిలో ఒకడైన శామ్యూల్ సూవల్ 1697లో బోస్టన్ చర్చిలో, తన తప్పు నొప్పుకొను పత్రమును మతాచార్యుడు చదువుచుండగా, అందరి యెదుట లేచి నిలుచుండెను. పోయినవారు తిరిగి రాలేదు. అయినను ఆ నిలుచుండుట మాకు చిన్నదిగా తోచదు.

కర్ణాటకమున వామాచారమును, అమానుష దురాచారములను నిషేధించు శాసనము 2017లో చేయబడి 2020లో అమలులోనికి వచ్చినది. మంచిదే. కాని మంత్రమూ తంత్రమూ లేని వేట యొకటి ఈ నడుమనే నడచినది. 2018 వేసవిలో పిల్లల నెత్తుకొనిపోవు ముఠాలు దిగినవను వదంతి వాట్సాప్‌లో దేశమంతట ప్రాకెను. మే నెలలో బెంగుళూరు చామరాజపేటలో రాజస్థానునుండి వచ్చిన యువకుని జనము కొట్టి చంపిరి. జూలై 13న బీదరు జిల్లా ముర్కి గ్రామమువద్ద హైదరాబాదు ఇంజనీరొకడు మూకచేతిలో ప్రాణము కోల్పోయెను. వారి మిత్రబృందము చేసిన నేరము, దారిలో పిల్లలకు చాక్లెట్లు పంచుట. అడ్డునిలిచిన పోలీసులకును గాయములైనవి. మన పిల్లలు ఉద్యోగములకై పోవు ప్రతి ఊరిలోను కొత్తవారే యని తలచినపుడు మా గుండె ఝల్లుమన్నది. ఆ నెలలోనే, ఒక సందేశమును ఒకేసారి ఐదు చోట్లకు మించి ముందునకు పంపరాదని ఆ సంస్థ మన దేశమున పరిమితి విధించెను. ఐదు చాలవా?

ఆ వేసవిలో అట్టి వార్త యొకటి కన్నడమున మాకును చేరెను. నిజమా కాదా యని విచారింపక, హిందూపురము, మదనపల్లెలలోని బంధువులకు అర్థమగునట్లు మేమే దానిని తెలుగు చేసి పంపితిమి. రెండు భాషలు వచ్చినవారమని ఎంతయో గర్వించువారము! 'జాగ్రత్త కొఱకే గదా' అని సమాధానము చెప్పుకొంటిమి. బీదరు వార్తను పత్రికలో చూచునప్పటికి మా తెలుగు ఎన్ని చేతులు మారెనో. అది అబద్ధమని వారందరికి మరల వ్రాయవలెనని అనుకొంటిమి. వ్రాయలేదు.