సర్దుకోవడం ఎవరి వంతు?

మూడు రోజుల్లో ఏ సంగతో తేల్చి చెప్పమన్నారు ఓడ కంపెనీవాళ్లు. చెన్నై నుంచి విశాఖపట్నం వెళ్లే ఓడలో అమ్మకు, నాకు, నా భార్యకు, డిగ్రీ చదువుతున్న మా అమ్మాయికి కలిపి ఒక గది తీసుకున్నాం. ఓడ లోపలి వైపు గది, కిటికీ ఉండదు. కింద రెండు మంచాలు, రైలు బెర్తుల్లా గోడలోంచి దించుకునే పక్కలు పైన రెండు. ఇప్పుడు పెద్ద గది ఒకటి ఖాళీ అయింది, కావాలంటే అందులోకి మారవచ్చని కబురు వచ్చింది. దానికి సముద్రం వైపు బాల్కనీ ఉంది. సోఫా విప్పితే పక్క అవుతుంది. మనిషి పక్కన మనిషి నడిచేంత చోటుంది. అదనంగా కట్టాల్సింది నా నెల జీతంలో సగానికి పైమాటే. ఉండేది రెండు రాత్రులు.

అమ్మకు ఎనభై నిండాయి. సముద్రాన్ని జన్మలో ఒక్కసారి చూసింది, అదీ ఒడ్డున నిలబడి. "అంత నీళ్ల నడుమ ఉంటే ఎట్లుంటాదో" అని ఆ రోజు అన్న మాట నాలో ఉండిపోయింది. ఈ ప్రయాణం ఆ మాట కోసమే.

నంద్యాల, ఆళ్లగడ్డ వాళ్లం నల్లమల పక్కన పెరిగినవాళ్లం. మాకు నీళ్లంటే మహానంది కోనేరు, కుందూ నది, కె.సి. కెనాలు. అయితే ఆ కాలువ పుట్టుకలోనే పడవ ఉంది. మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ 1863 నుంచి 1870 దాకా తవ్వించిన ఈ కర్నూలు-కడప కాలువ సాగు కోసం ఎంతో, పడవల రాకపోకల కోసమూ అంతే. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్లు అందుకుని, నంద్యాల మీదుగా కడప వైపు మూడు వందల కిలోమీటర్లకు పైగా సాగుతుంది. 1882లో ప్రభుత్వం దాన్ని కంపెనీ నుంచి కొనేసింది. పడవలు ఏనాడో ఆగిపోయాయి. నీళ్లు మాత్రం ఇప్పటికీ పొలాలకు పారుతున్నాయి. చిన్నప్పుడు ఆ గట్టు మీద నడుస్తూ, ఇంతే కాలువలో రెండు పడవలు ఎదురైతే ఎట్లా అని నాయనను అడిగాను. "ఒకటి గట్టుకు ఒదగాల" అన్నాడు. ఏది ఒదగాలో నేను అడగలేదు.

2022 జూన్‌లో ఎంప్రెస్ అనే విహార నౌక విశాఖకు వచ్చినప్పుడు, ఓడ ప్రయాణం మన బస్సు దూరంలోకి వచ్చిందని సంబరపడ్డాను. 1990లో నడక మొదలుపెట్టిన ఓడ అది, 48 వేల టన్నుల పైచిలుకు. ఆ టన్నులు బరువనుకున్నాను. కాదట. విహార నౌకల విషయంలో టన్నులంటే లోపలున్న చోటుకు కొలత. ఓడనే చోటుతో కొలుస్తారు, ఇక అందులో గదుల సంగతి చెప్పేదేముంది? కిటికీ లేని గది అన్నిటికన్నా చవక. తెరుచుకోని అద్దం ఉంటే మరికొంత, బయటికి అడుగు పెట్టే బాల్కనీ ఉంటే ఇంకా ఎక్కువ. అలాగని లోపలి గది తీసిపారేసేది కాదు. ఓడ నడిమి భాగంలో, కింది అంతస్తుల్లో ఊగుడు తక్కువ. కడుపులో తిప్పే బాధ ఉన్నవాళ్లు అక్కడే నయమంటారు.

అందుకే మొదటి రోజు నా మనసు చిన్న గది వైపే ఉంది. రాత్రికి కళ్లు మూసుకున్నాక కిటికీ ఉంటే ఏమి, లేకుంటే ఏమి? పగలంతా ఓడ పైనే గడుపుతాం కదా. పైగా నా దగ్గర ఒక గట్టి వాదన ఉంది. అది మా ఆళ్లగడ్డ ఇల్లు.

శిల్పులు రాయి చెక్కే చప్పుడు పొద్దంతా వినిపించే వీధి మాది. మట్టి మిద్దె, బేతంచెర్ల బండలు పరిచిన పడసాల, పైన గవాక్షి. జేజి, తాత, చిన్నాయన వాళ్లు, మేనత్త, నాయన, అమ్మ, పిల్లలం ఆరుగురం. రాత్రయితే పడసాలలో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పక్కలే. ఎవరి కాలు ఎవరి మీదుందో తెలిసేది కాదు. జేజి కథ చెబుతుంటే ఊకొట్టే గొంతులు ఒక్కొక్కటే తగ్గుతూ పోయేవి. చివరికి మిగిలిన ఊ ఎవరిదో తెల్లవారి తగవులాడుకునేవాళ్లం. అంత ఇరుకులో అంత నిశ్చింతగా మళ్లీ ఎక్కడా నిద్రపోలేదు. ఇదంతా నా భార్యకు చెప్పాను. ఇరుకే మనుషులను దగ్గర చేస్తుంది, పెద్ద గది మనకెందుకు అన్నాను.

ఆమె బియ్యం ఏరుతూ వింది. తల ఎత్తకుండానే అడిగింది: "మరి అత్తమ్మ యాడ పండుకునేది?"

నాకు గుర్తు రాలేదు. జేజి మంచం గుర్తుంది. తాత అరుగు మీద పండుకోవడం గుర్తుంది. చిన్నాయన గురక ఇప్పటికీ చెవుల్లో ఉంది. అమ్మ చోటు మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. పక్కలు పరిచేటప్పుడు అమ్మ ఉంది. కళ్లు తెరిచేసరికి పొయ్యి ముందు ఉంది. ఆ రెంటికీ నడుమ ఉన్న రాత్రంతటిలోనూ, నా జ్ఞాపకంలో, అమ్మ లేదు.

మరునాడు పొద్దున కాఫీ గ్లాసు చేతికిస్తూ అడిగాను. అమ్మ ఆశ్చర్యపోయింది, అదీ ఒక అడిగే సంగతేనా అన్నట్టు.

"వంటింటి గడప కాడ. నాలుగ్గంటలకు లేసేదాన్ని కదా నాయనా, మిమ్మల్నెవర్నీ దాటకుండా పోవచ్చని. ఈ పక్క జొన్న మూటలు, ఆ పక్క గడప. దొర్లేదానికి కుదిరేది కాదు గానీ, ఏముందిలే, ఒక పక్కకే పండుకోవడం అలవాటైపాయ."

ఇప్పుడు అమ్మకు వేరే గది ఉంది, ఇద్దరు పట్టే మంచం ఉంది. ఆ మంచం మీద ఇప్పటికీ అంచునే, గోడ వైపు తిరిగి, ఒకే పక్కకు పండుకుంటుంది. మిగతా మంచమంతా ఖాళీగానే ఉంటుంది. అది వయసు తెచ్చిన అలవాటని ఇన్నేళ్లూ అనుకున్నాను. అది ఆళ్లగడ్డ ఇంటి జొన్న మూటలు తెచ్చిన అలవాటు. మూటలు పోయి నలభై ఏళ్లయినా అమ్మ వీపుకు అవి ఇంకా ఆనుకునే ఉన్నాయి.

నా వెచ్చటి జ్ఞాపకాన్ని ఆ రోజు మొదటిసారి అనుమానంగా చూశాను. ఇరుకు మనుషులను దగ్గర చేస్తుందన్న మాట అబద్ధం కాదు. కానీ ఆ మాట చెప్పేవాడు ఆ రాత్రి ఎక్కడ పండుకున్నాడో ముందు అడగాలి. నేను పడసాల నడుమ, జేజి పక్కన పండుకున్నవాణ్ణి. నాకు దక్కిన వెచ్చదనానికి కావలసిన చోటు గాలిలోంచి రాలేదు. ఎవరో ఒకరు ముడుచుకుంటే వచ్చింది.

మన భాషలో సర్దడం అంటే వస్తువులను కుదురుగా పెట్టడం. గిన్నెలు సర్దుతాం, బట్టలు సర్దుతాం. సర్దుకోవడం అంటే ఆ పని తన మీదే చేసుకోవడం. గిన్నెలో గిన్నె అమర్చినట్టు మనిషి తనను తాను ఉన్న చోటులో ఇమిడ్చి పెట్టుకోవడం. ఇది గొప్ప గుణమే. ఇది లేకుంటే కుటుంబం లేదు, బస్సు ప్రయాణం లేదు, ఊరు లేదు. అయితే అప్పగింతల వేళ ఈ మాట ఎవరి చెవిన వేస్తాం? పెళ్లికూతురి చెవిన. "సర్దుకుపోవాల తల్లీ" అని. పెళ్లికొడుకును కూర్చోబెట్టి ఆ మాట చెప్పగా నేను ఒక్కసారీ వినలేదు. అందరికీ ఉండాల్సిన గుణాన్ని ఒకరికి పని కింద అప్పజెప్పాం. బాగా చేసినవాళ్లు చేస్తున్నట్టే కనిపించరు. అందుకే మనకు వాళ్ల చోటు గుర్తుండదు.

ఓడ అనగానే ఇంకొక లెక్క కూడా మనసులో మెదిలింది. మన తెలుగువాళ్లు సముద్రం దాటడం సరదాగా మొదలుకాలేదు. పందొమ్మిదో శతాబ్దంలో కోరంగి, విశాఖ, మద్రాసు రేవుల నుంచి మారిషస్ చెరుకు తోటలకు కూలీలుగా వెళ్లారు. మారిషస్‌లో తెలుగువాళ్లకు కోరంగీలు అన్న పేరు ఆ రేవు వల్ల వచ్చిందే. అలాంటి వలస ఓడల కోసం చేసిన చట్టాల్లో ఒక మనిషికి ఇవ్వాల్సిన చోటును 72 ఘనపు అడుగులుగా లెక్కగట్టారు. పరుచుకుంటే పన్నెండు చదరపు అడుగులు, అంటే ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. మనిషిని పండబెట్టి గీత గీస్తే వచ్చే కొలత. చదివినప్పుడు ఎంత కఠినమైన లెక్క అనుకున్నాను. జొన్న మూటలకూ గడపకూ నడుమ అమ్మ పక్క కొలిస్తే అంతకన్నా ఎక్కువ వచ్చేది కాదు. అక్కడ చట్టం ఆ గీత గీసింది. మా ఇంట్లో ఎవరూ గీయలేదు, అమ్మే గీసుకుంది. మేమంతా ప్రేమ గలవాళ్లమే, అయినా గీత అక్కడే పడింది.

ఇంత చెప్పి, పెద్ద గదే మంచిదని తేల్చేస్తే అది తొందరపాటు అవుతుంది. పెరిగిన ప్రతి చోటూ మేలు చేయదు. నంద్యాలలో కొత్తగా లేచిన ఇళ్లు చూస్తున్నాను. మనిషికో గది, గదికో స్నానాల గది, గదికో టీవీ. పండగకు పిల్లలు వస్తే ఎవరి తలుపు వాళ్లు వేసుకుంటారు. అన్నానికి పిలవాలంటే ఫోన్ చేయాలి. ఒకరి కాలు ఒకరికి తగలని ఇంట్లో ఒకరి దిగులు కూడా ఒకరికి తగలదు. అక్కడ ఎవరూ ముడుచుకోరు, నిజమే. ఎవరి కోసం ఎవరూ జరగరు కూడా. చోటు పెంచుకోవడం ఎవరికో చూపించడానికా అన్నది ఒక ప్రశ్న. ఎవరి నుంచో తప్పించుకోవడానికా అన్నది ఇంకొకటి. ఈ రెంటికీ అవునని జవాబు వస్తే ఆ డబ్బు మిగుల్చుకోవడమే మేలు.

నాకు మిగిలిన ప్రశ్న వేరు. ఈ చిన్న గది ఎవరి సర్దుబాటు మీద నిలబడుతుంది? పేరు పేరునా ఊహించి చూశాను. అమ్మాయి పై బెర్తు ఎక్కుతుంది, దానికి అది సరదా. రెండో పై బెర్తు నాది. నా భార్య, అమ్మ కింద. రాత్రి రెండుసార్లు లేచే అమ్మ, చీకట్లో, అటూ ఇటూ సామాన్ల నడుమ, ఎవరి నిద్రా చెడకూడదని లైటు వేయదు. గోడ తడుముకుంటూ వెళుతుంది. లేదా లేవాల్సి వస్తుందని సాయంత్రం నుంచే నీళ్లు తాగడం మానేస్తుంది. అలా మానేసిందని మాకు ఎవరికీ తెలియదు. ఎంత బాగా గడిచింది, అందరం ఒక్క గదిలోనే ఉన్నాం అని తిరిగొచ్చి నేను పదిమందికీ చెబుతాను. నలభై ఏళ్ల తర్వాత మా అమ్మాయి కూడా అదే చెబుతుంది.

ఆ రాత్రి పారువేట ఉత్సవం గుర్తొచ్చింది. అమ్మ పుట్టిల్లు రుద్రవరం పక్క పల్లె. అహోబిలం స్వామి కనుమ నాడు గుడి వదిలి బయలుదేరుతాడు. దాదాపు నలభై రోజులు, ముప్పైకి పైగా ఊళ్లు పల్లకిలో తిరుగుతాడు. ఫాల్గుణంలో జరిగే తన పెండ్లికి రమ్మని జనాన్ని తానే వచ్చి పిలుస్తాడని మావాళ్ల నమ్మకం. ప్రతి ఊళ్లోనూ ఆయన దిగే అరుగులున్నాయి. వాటిని తెలుపులంటారు. దిగువ అహోబిలంలో అన్ని ప్రాకారాలు, అన్ని మండపాలు, అంత గోపురం ఉన్న దేవుడు. మా పల్లెకు వచ్చినప్పుడు ఆయనకు దక్కేది ఒక అరుగు, నాలుగు మామిడి తోరణాలు. చిన్నప్పుడు ఆ పల్లకి కింద దూరిన నాకు అది పండగ. ఇప్పుడు అందులో నడవడి ఒకటి కనిపిస్తోంది. అక్కడ సర్దుకునేది పల్లె కాదు, దేవుడు. ఎక్కువ చోటున్నవాడే తక్కువ చోటులోకి వస్తాడు. నడవలేని ముసలమ్మ గుడి దాకా రానక్కర్లేదు, గుమ్మం ముందుకే వస్తాడు.

సర్దుకోవడం మానేద్దామని నేను అనడం లేదు. వంతు మారాలంటున్నాను. ముందు ఒదగాల్సింది చోటున్నవాడు, ఒంట్లో బలమున్నవాడు, ఇన్నాళ్లూ నడుమ పండుకున్నవాడు. కాలువలో ఏ పడవ గట్టుకు ఒదగాలని నేను నాయనను ఆనాడు అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేవాడో. ఒక్కటి మాత్రం ఇప్పుడు నాకు తెలుసు: మా ఇంట్లో ప్రతిసారీ ఒకే పడవ ఒదిగింది.

మూడో రోజు సాయంత్రం పెద్ద గదికి డబ్బు కట్టాను. ఈ ఏడు వేయించుదామనుకున్న ఇంటి సున్నం వచ్చే ఏడుకు వాయిదా పడింది. సంగతి చెబితే అమ్మ నొచ్చుకుంది. "నాకోసం ఎందుకురా అంత దుడ్డు? నేను ఏ మూలనన్నా సర్దుకుంటా కదా."

"వద్దులేమ్మా. ఈసారి నువ్వు బాల్కనీ పక్కన మంచం మీద నడుమ పండుకో. రాత్రి మెలకువ వస్తే పడుకున్న చోటు నుంచే నీళ్లు చూడచ్చు. లైటు వేసుకో, ఎవరూ ఏమనరు."

అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ గది ఎలా ఉంటుందో అమ్మాయి ఫోనులో చూపిస్తుంటే కళ్లద్దాలు సవరించుకుని చూసింది. పెద్ద మంచం, సోఫా, అద్దం తలుపు అవతల నీలంగా నీళ్లు. వేలితో మంచం తాకింది, సోఫా తాకింది. లెక్క చూసుకుంటున్నట్టుంది. తర్వాత నా వైపు తిరిగి అడిగింది. ఆ ఇంట్లో, అన్ని రాత్రుల్లో, మేము ఒక్కరం కూడా ఆమెను అడగని మాట అది.

"మరి నువ్వు యాడ పండుకుంటావురా?"

"తలుపు కాడ, సోఫా మీదమ్మా" అన్నాను.